తెరిచి ఉన్న గేటు

గొలుసు చుట్టూ తిప్పి కొక్కేనికి తగిలించాను. ఒకసారి లాగి కూడా చూశాను, గట్టిగానే ఉంది. చేతికంటిన తుప్పు ప్యాంటుకి తుడుచుకుంటూ, ఇంత పెద్ద ఇనప గేటు బార్లా తెరిచి వదిలేసిపోయిన మహానుభావుడు ఎవరో అని నవ్వుకున్నాను. మా నాన్నే ఇక్కడుంటే ఆ మనిషికి చీవాట్లు తప్పేవి కావు. మాది పల్నాడు. ఇంట్లో నాలుగు గేదెలు. గేటు తీసుందంటే అవి పక్కవాళ్ల మిరపచేలో ఉన్నట్టే. అందుకని తీసున్న గేటు కనపడితే నా చెయ్యి దానంతటదే వేసేస్తుంది, నన్ను అడగదు.

కారెక్కి ఏసీ పెంచుకుని, వెనకాల దుమ్ము లేపుకుంటూ టౌనుకి వచ్చేశాను. ఆ సాయంత్రమంతా నా అంతటిది లేదన్నట్టున్నాను. ఎర్రటి ఎండలో, మట్టిరోడ్డు మీద, ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి చెప్పిన పని చేసుకొచ్చాను మరి.

ఆ పనేంటో చెప్పాలంటే ముందు ఈ ఊరి గురించి చెప్పాలి. మా ఆయనకి ఇక్కడి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం వచ్చి, మన తెలుగువాళ్లు నిండుగా ఉండే ఇర్వింగ్ అనే సిటీ నుంచి మారాం. ఇర్వింగ్‌లో మా బాల్కనీలో నిలబడితే నాలుగిళ్ల పోపుల వాసన వచ్చేది. ఇక్కడ నిలబడితే గాలి తప్ప ఏమీ రాదు. మొదటిరోజు కారు దిగి, "ఏమండీ, ఊరేదండీ?" అని అడిగాను.

"ఇదే ఊరు. దాటిపోయాం కూడా, వెనక్కి తిప్పాలి" అన్నారు.

ఒక కోర్టు, ఒక పెట్రోల్ బంకు, గింజలు నిలవచేసే తెల్లటి ఎత్తైన గాదెలు, లెక్కకి మించి చర్చిలు. మేము ఇర్వింగ్‌లో ఉన్న అపార్ట్‌మెంట్లలోని జనమంత కూడా ఈ కౌంటీ, అదే ఈ జిల్లా, మొత్తం మీద ఉండరేమో. మిగతాదంతా ఆకాశం. నేను అంత ఆకాశం ఎప్పుడూ చూడలేదు. పైన మాత్రమే కాదు, పక్కన కూడా ఉంటుంది, కాళ్ల దగ్గర దాకా దిగి ఉంటుంది. ఎక్కడో చాలా దూరంలో వాన పడుతుంటే ఎవరో బూడిదరంగు చీర ఆరేసినట్టు కనపడుతుంది. మనదాకా రాదు. మొదట్లో భయమేసేది. తర్వాత తర్వాత రోజూ పొద్దున లేచి కిటికీ దగ్గరకెళ్లి, అది అక్కడే ఉందా అని చూసుకోవడం మొదలుపెట్టాను.

నా వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. ఇంట్లో గోడలతో మాట్లాడలేక మ్యూజియంకి వెళ్లడం మొదలుపెట్టాను. మ్యూజియం అంటే కోర్టు వెనకున్న పాత జైలే. దాన్ని నడిపేది ఒక పెద్దావిడ, డెబ్భై దాటాయి, బూట్లు, జీన్స్, అట్టలాంటి టోపీ. ఊళ్లో అందరూ ఆవిణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాక మేడమ్ అంటాను, ఇంటికొచ్చి మామ్మగారు అంటాను. ఆవిడ నన్ను హనీ అంటారు. ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషే అయినా, తలుచుకుంటే నాకు తెలుగులోనే వినపడతాయి.

అక్కడ గోడ నిండా పాత ముళ్లకంచె తీగ ముక్కలుంటాయి. ఒక్కోటి ఒక్కో రకం ముడి, నగల షాపులో గొలుసులు వేలాడదీసినట్టు. పక్కన ఒక పాత ఫోటో. నేలలో గొయ్యి, గొయ్యికి తలుపు, తలుపు ముందు కుర్చీ వేసుకుని ఒకావిడ.

"ఇల్లు కట్టుకోడానికి చెట్లు లేవు హనీ. అందుకని మట్టిలోకి తవ్వుకుని, పైన గడ్డి పెళ్లలు కప్పుకున్నారు. మా అమ్మమ్మ తల్లి పుట్టింది ఇలాంటి దాంట్లోనే."

"వానొస్తే ఎలా మేడమ్?"

"వానొస్తే బయటికొచ్చి డాన్స్ చేసేవాళ్లు" అన్నారు.

"వీళ్లకంటే ముందెవరున్నారు?"

ఆవిడ అద్దాల పెట్టె దగ్గరకి తీసుకెళ్లారు. లోపల వేలిగోరంత రాతి బాణం మొనలు. "ఇవి చెక్కిన ఆదివాసులున్నారు. ఎన్ని వందల ఏళ్లో. సైనికులొచ్చి తరిమేశారు. ఆ మాట కాగితం మీద రాసి ఇక్కడ పెడితే కొంతమందికి కోపం వచ్చింది. రానీ, ఇంక్ నాది" అన్నారు.

నేను ఇంటర్‌తో ఆగిపోయినదాన్ని. హిస్టరీ అంటే రాజుల వరస అనుకునేదాన్ని. ఒక ఖాళీ నేలని చూపించి ఇక్కడ ఇల్లుండేది, ఇక్కడ స్కూలుండేది, ఈ పిల్ల ఆ బావిలో పడి బతికింది అని చెప్పగలిగే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆవిడ చెప్తుంటే ఏమీ లేనిచోట మనుషులు లేచి నిలబడేవాళ్లు.

ఆవిడ నాకప్పజెప్పిన పని, ఒక రైతు బీడులో ఉన్న పాత సమాధులకి ఫోటోలు తియ్యడం. ఎండకీ గాలికీ రాళ్ల మీద అక్షరాలు అరిగిపోతున్నాయి, పూర్తిగా పోకముందే తియ్యాలి. దారి గీసిచ్చారు. మొదటి గేటు దాటాలి, కొంచెం దూరంలో నీళ్లు తోడే గాలిమర, దాని కింద నీళ్ల తొట్టి, ఆ తర్వాత రెండో గేటు, ఆ వెనక చిన్న మిట్ట మీద సమాధులు. మొదటి గేటు మూసుంది. తీసుకుని వెళ్లి మళ్లీ వేశాను. రెండోది తీసుంది. వచ్చేటప్పుడు వేశానన్నది ఆ గేటే.

మిట్ట మీద పదకొండు రాళ్లున్నాయి. మూడు చిన్నవి, ఒకే ఇంటిపేరుతో, వరసగా. ఒక బిడ్డ నెల రోజులు బతికింది. పక్కన పెద్ద రాయి తల్లిది, ఆవిడ ముసలిదై చాలా కాలానికి పోయింది. చుట్టూ నీడ అన్నమాట లేదు. గాలికి గడ్డి ఒక వైపుకి వాలి లేస్తోంది, అంతే కదలిక. ఈ తల్లి ముగ్గుర్ని ఇక్కడ పెట్టి, మళ్లీ ఆ మట్టి గోతిలోకి వెళ్లి రొట్టె ఎలా కాల్చిందో అనుకుంటూ ఎండలో ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు.

మర్నాడు మధ్యాహ్నం ఫోటోలు చూపిస్తూ గొప్పగా చెప్పాను. "ఇంకో మంచి పని కూడా చేశాను మేడమ్. మీవాళ్లు తెరిచి వదిలేసిన రెండో గేటు వేసొచ్చాను."

ఆవిడ కాఫీ కప్పు బల్ల మీద పెట్టారు. "గాలిమర దాటాక వచ్చేదా?"

"అదే."

"నిన్న ఎన్నింటికి?"

"రెండున్నరైంది."

గోడ గడియారం వైపు చూశారు. మూడు కావస్తోంది. "హనీ, నీళ్లు గేటుకి ఇవతలున్నాయి. పశువులు అవతలున్నాయి."

"నాకు ఒక్కటి కూడా కనపడలేదే!"

"ఆ ఎండలో మిట్ట మీద ఎందుకుంటాయి? వాగు గట్టు కింద నీడలో పడుకునుంటాయి. సాయంత్రం నీళ్లకొస్తాయి."

పశువుకి ఇక్కడి ఆగస్టు ఎండలో ఒక రోజు నీళ్లు లేకపోతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గేదెల మధ్య పెరిగినదాన్ని.

ఆవిడ రైతుకి ఫోన్ చేశారు. తియ్యలేదు. భార్య కంటి ఆపరేషన్‌కి లబ్బక్ సిటీకి వెళ్లారని అప్పుడు గుర్తొచ్చిందావిడకి, రాత్రికిగానీ రారు. "నడు" అని పికప్ ట్రక్కు తాళాలు తీసుకున్నారు.

"ఇక్కడ గేటుకి ఒకటే రూలు" అన్నారు తోలుతూ. "మూసుంటే దాటాక మళ్లీ మూసెయ్, తెరిచుంటే తెరిచే వదిలెయ్. నీకు చెప్పాల్సింది. ఇక్కడ పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పరు, అందుకని తోచలేదు." మట్టిరోడ్డెక్కాక, "ఆ రైతు కరువుకి సగానికి పైగా అమ్మేశాడు. ఇవి నలభై మిగిలాయి. తాత తోలుకొచ్చిన మంద తాలూకువి, ఇవి మాత్రం అమ్మనన్నాడు" అన్నారు. ఆ తర్వాత, ప్రతి మలుపులోనూ ఎవరిల్లుండేదో చెప్పే మనిషి నోరు మూసుకుని తోలుతుంటే నాకు ఏడుపొచ్చింది.

గేటు కనపడకముందే అరుపులు వినపడ్డాయి. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మొహాలు, అన్నీ గేటుకి ఒత్తుకుని నిలబడి ఉన్నాయి. ఎదురుగా నీళ్ల తొట్టి కనపడుతూనే ఉంది వాటికి. గాలిమర తిరుగుతూనే ఉంది, తొట్టి నిండి నీళ్లు నేలపాలవుతున్నాయి. ఆ వాసన పీలుస్తూ రాత్రంతా అక్కడే నిలబడ్డాయి.

"గేటు నీ వైపుకి లాక్కుంటూ వెనక్కెళ్లు. గేటుకీ కంచెకీ మధ్య నిలబడు. ఎదురుగా మాత్రం రాకు" అన్నారు మామ్మగారు.

నేను గొలుసు తియ్యలేక వేళ్లు గీరుకున్నాను. ఊడగానే గేటు నన్ను కంచెకేసి నెట్టేసింది. నేల అదిరింది. కళ్ల ముందు ఎర్రటి పక్కటెముకలు, దుమ్ము, కొమ్ములు, మళ్లీ దుమ్ము. దుమ్ము కాస్త అణిగాక చూస్తే మామ్మగారు గేటు పక్కన టోపీ పట్టుకుని నిలబడి, పాట పాడుతున్నట్టు లోగొంతుతో "హో… హో… మెల్లగా" అంటున్నారు. డెబ్భై దాటిన మనిషి, నా భుజం దాకా వస్తారు. ఆవిడ టోపీ ఎటు ఊపితే మంద అటు చీలి, తొట్టి చుట్టూ సర్దుకుంది. తర్వాత ఒక్క అరుపు లేదు. నలభై నోళ్లు ఒకేసారి నీళ్లు పీల్చే చప్పుడొక్కటే. అంత నిశ్శబ్దంలో, అంత ఆకాశం కింద ఆ చప్పుడు వింటూ నాకు చేతులు జోడించాలనిపించింది. ఎవరికో తెలీదు.

"హనీ, ఇలా రా" అన్నారు.

గేటు మూల ఒక దూడ పడి ఉంది. కొద్ది వారాలది. కళ్లు తెరిచే ఉన్నాయి, తల లేవట్లేదు. బకెట్‌తో నీళ్లు తెచ్చి మూతి ముందు పెడితే ముట్టుకోలేదు. మా ఇంట్లో పాలు తాగని దూడకి అమ్మ చేసినట్టు రెండు వేళ్లు నీళ్లలో ముంచి దాని నోట్లో పెట్టాను. ఏమీ లేదు. మళ్లీ ముంచాను. మళ్లీ. ఎన్నిసార్లో. చివరికి నాలుక గరగరమని వేళ్ల చుట్టూ తిరిగింది.

"ఇదెక్కడ నేర్చుకున్నావు?"

"మా అమ్మ."

"మంచి అమ్మ" అన్నారు. తల్లి ఆవు తొట్టి దగ్గర్నుంచి వచ్చి మా ఇద్దర్నీ ముక్కుతో తోసింది. దూడ లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూలబడింది. ఇద్దరం మోసుకెళ్లి పికప్‌లో పడుకోబెట్టి, రైతు ఇంటి దొడ్లో నీడకి చేర్చాం. "బతుకుతుందా మేడమ్?" అంటే, "పొద్దున తెలుస్తుంది" అన్నారు.

నన్ను దింపేటప్పుడు ఒక్క మాటన్నారు. "గేటు మూసుంటే తీశామని, దూడ దొడ్లో ఉందని మెసేజ్ పెడతాను. ఎవరు మూశారన్నది నేను చెప్పను. అది నా నోటి నుంచి రావలసింది కాదు."

ఇంటికొచ్చి ఇదంతా చెప్పి, పొద్దున్నే ఆ రైతుకి నేనే చెప్తానంటే మా ఆయన తల పట్టుకున్నారు. "నువ్వెళ్లి చెప్పడమెందుకే? ఇక్కడ అందరిళ్లల్లో గన్స్ ఉంటాయి. వీసా మీద ఉన్నోళ్లం. ఆ మామ్మగారే చెప్పనన్నారుగా, వదిలెయ్."

"దూడ చచ్చిపోతేనో?"

"చచ్చిపోతే నువ్వు చెప్తే బతుకుద్దా?"

అన్నం సగంలో వదిలేసి లేచాను.

మర్నాడు పొద్దున ఆయన లేవకముందే కారు తీశాను. దారంతా ఇంగ్లీషు వాక్యాలు కూర్చుకున్నాను, పైకి అనుకుంటూ. తూర్పున ఇంత గీతలా మొదలైన ఎరుపు, చూస్తుండగానే నేలంతా పాకింది. గడ్డి పోచ పోచకీ నీడ వచ్చింది. ఇంత అందం ముందు ఇంత భయం వేస్తుందని నాకు తెలీదు.

ఆ రైతు దొడ్డి కంచె మీద చేతులు ఆనించుకుని నిలబడి ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని. కూర్చుకున్న వాక్యాలన్నీ పోయాయి.

"సర్, ఆ గేటు వేసింది నేనే. నాకు రూలు తెలీదు. సారీ."

ఆయన నా కారు వైపు చూశారు. "తెలుసు. మట్టిలో చిన్న టైర్ల గుర్తులున్నాయి. ఆ దారిలోకి అంత బొమ్మ కారు వేసుకొచ్చే ధైర్యం ఈ కౌంటీలో ఎవరికీ లేదు."

నేను కూడా వెనక్కి తిరిగి కారు వంక చూశాను.

"పెళ్లయిన కొత్తలో మా ఆవిడ నా గడ్డివామి తగలబెట్టింది. ఇంకా కాపురం చేస్తూనే ఉన్నాను" అని, గొంతు తగ్గించి, "రాత్రి నుంచి ఆ దూడ నా చేత్తో తాగట్లేదు. నువ్వు వేళ్లతో ఏదో పట్టించావటగా, మెసేజ్‌లో ఉంది" అన్నారు.

దొడ్లో, గడ్డి మీద, దూడ తల వాల్చుకుని ఉంది. ఆయన పాల బకెట్ నా చేతికిచ్చారు. నేను చెప్పులు విడిచి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు పాలల్లో ముంచాను.