రూతక్క పొట్టి గులాబీలు

రూతక్క ప్రభువునందు నిద్రించిందని హైదరాబాదు నుంచి ఆమె మేనల్లుడు ఫోన్ చేసినప్పుడు, బీదర్‌లో మా చర్చి వరండాలో ఆమె కుండీలకే నీళ్ళు పోస్తున్నాను. చెంబు చేతిలోనే ఉండిపోయింది. ప్రార్థిద్దామని కళ్ళు మూసుకున్నాను. సంఘ పెద్దగా ఇన్నేళ్ళు ప్రార్థనలు నడిపించినవాడికి ఒక్క మాట రాలేదు.

నర్సు ఉద్యోగం నుంచి విరమించాక రూతక్క చర్చి వెనక రెండు గదుల్లో ఒంటరిగా ఉండేది. ఆదివారం ఆరాధనకు ప్రభువు బల్ల మీద పూలు పెట్టడం ఆమె పరిచర్య. అందుకోసం గేటు నుంచి గుమ్మం దాకా దారికి రెండు పక్కలా పొట్టి గులాబి వేసింది. అది మోకాలెత్తు దాటదు, గుబురుగా పెరుగుతుంది, ఒకసారి పూసి ఊరుకోకుండా విడత విడతగా పూస్తూనే ఉంటుంది. మా ఎర్రమట్టిలో మాగిన పేడ ఎరువు కలిపేది. వేసవిలో తేమ ఆరకుండా, పశువుల దాణాకు పోయే కందిపొట్టును గాంధీ గంజ్ ధాన్యం బజారు నుంచి తెచ్చి మొదళ్ళలో పరిచేది.

"ఏం రూతమ్మా, బర్రెలు గిట్ల కొన్నవా?" అని గంజ్ హమాలీలు ఎగతాళి చేస్తే, "కొన్న. ముండ్లున్న బర్రెలు" అనేది.

హైదరాబాదులో కొలువులు పెరిగిన ఆ ఏళ్ళలో మా తెలుగు సంఘం కరిగిపోయింది. ఒక్కో కుటుంబం సామాను ఎక్కించుకొని వెళ్ళినప్పుడల్లా రూతక్క ఒక కొమ్మ నాటి, వేరు పట్టాక కుండీలోకి మార్చి, వరండాలో ఉంచి, దానికి ఆ కుటుంబం పేరు పెట్టేది. "శాంతయ్యోళ్ళు పొద్దటి సంది నీడల్నే కూసున్నరు. జర ఎండకు జరుపు తమ్మీ" అంటే నేను నవ్వేవాణ్ణి. కొన్నాళ్ళకు లోపల బెంచీల మీది మనుషుల కంటే వరండాలో కుండీలే ఎక్కువయ్యాయి. అప్పుడు నవ్వు రాలేదు.

శనివారం సాయంత్రం కత్తెర పట్టుకొని కూర్చునేది. వాడిన పువ్వును తొడిమ దగ్గర తుంచేది కాదు, ఐదు చిట్టాకులున్న ఆకు దాకా దిగి, దాని పైన కోసేది.

"ఇంత కోస్తే చెట్టుకు నొవ్వదా అక్కా?"

"వాడిన పువ్వు ఉంచితే కాయ కడ్తది తమ్మీ. కాయ కట్టినంక, నా పని అయిపాయె అని చెట్టు పండుకుంటది. మనుషులు గూడ గంతే."

జబ్బు ముదిరి, మేనల్లుడు వైద్యానికి హైదరాబాదు తీసుకుపోయే రోజున ఆ కత్తెర నా చేతిలో పెట్టింది.

"ఆకుల మీద నీళ్ళు పొయ్యకు. కోసుడు మరువకు. నేను పెట్టెల ఒస్తే, మీద నా పూలే పెట్టాలె. బంతిపూల దండ ఒద్దు."

"గట్ల మాట్లాడకక్కా."

"మాటియ్యి."

ఇచ్చాను.

నేను మరువలేదు. కోయలేకపోయాను. అవి దేవుని బల్లకు ప్రతిష్ఠించిన కొమ్మలు. ఆమె లేనప్పుడు వాటికి కత్తెర పెట్టడం అపచారంలా తోచింది. ప్రతి ఉదయం వాటి ముందు నిలబడి ఆమె స్వస్థత కోసం ప్రార్థించి, నీళ్ళు మాత్రం పోసి వచ్చాను. ద్రాక్షవల్లి గురించి, ఇంకా ఫలించాలని తీగెలు కోసే వ్యవసాయకుడి కత్తి గురించి ఎన్ని ప్రసంగాలు చేశానో! రెండు నెలల్లో పూలు రాలిపోయాయి. కాయలు ఎర్రబడ్డాయి. కొత్త మొగ్గ రాలేదు.

ఫోన్ వచ్చిన మరునాడు అక్క శవపెట్టె గేటు దాటి వచ్చింది. దారికి రెండు పక్కలా గానీ, వరండా కుండీల్లో గానీ ఒక్క పువ్వు లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన శాంతయ్య చేతిలో బంతిపూల దండ ఉంది.

"అక్క గులాబీలు ఏవి, అన్నా?" అని అడిగాడు.

కాయలు కట్టిన కొమ్మలు చూపించాను. ఆ దండే పెట్టె మీద వేశారు.

నమ్మకమైన పరిచారకురాలికి ప్రభువు విశ్రాంతినిచ్చాడు, అందులో నాకు సందేహం లేదు. ఖాళీ అయిన ప్రతి బెంచీకి ఒక పేరు నిలిపి, ఆ పేరుకు నీళ్ళు పోసిన మనిషి మా సంఘానికి మళ్ళీ దొరకదు. ఆమె పేరున కుండీ పెట్టేవాళ్ళు లేరు.

భూస్థాపన అయిన వారానికి కాయలన్నీ కోశాను. సరిగ్గా కోశానా అని అడుగుదామంటే వెనక గదులకు తాళం ఉంది. ఇప్పుడు కొమ్మలకు ఎర్రని చిగుళ్ళు వస్తున్నాయి. ఇంకో నెలకు పూస్తాయి. తీసుకెళ్ళి సమాధి మీద పెడతాను. ఆమె అడిగింది అది కాదు.