పదకొండు వేల గుర్రాల జ్ఞానానందం గారు

మా వీధి జ్ఞానానందం గారితో మీరు ఏ విషయం ఎత్తినా సరే, అది నాలుగు సెకన్లలో డ్రాగ్ రేసు ఇంజను దగ్గరికి చేరుతుంది. వానలు, వంకాయలు, పక్షవాతం, పరలోకం, ఎక్కడ బయలుదేరినా గమ్యం అదే. నాలుగు సెకన్లని ఊరికే అనలేదు. అమెరికా పందేల్లో ఆ ఇంజను బిగించిన బండి వెయ్యి అడుగుల తిన్నని దారిని అంతకన్నా తక్కువలోనే ముగిస్తుందట.

డ్రైనేజీ శాఖలో గుమాస్తాగా ఉద్యోగకాలమంతా నిలవ నీటితో కాపురం చేసిన మనిషికి వేగం మీద ఇంత మోహం ఎలా పుట్టిందో తెనాలిలో ఎవరికీ అంతుబట్టలేదు. రిటైరయ్యేదాకా ఆయనకు ఊడిన సైకిలు చైను ఎక్కించడం కూడా రాదు. రిటైరైన కొన్నాళ్ళకే పాలవాణ్ణి ఆపి, ఒక్క ఇంజనులో పదకొండు వేల హార్స్‌పవరుంటుందనీ, మన పొలాల్లో నీళ్ళు తోడే ఇంజన్లు రెండు వేల పైచిలుకు ఒక్క తాటికి కడితేగాని దానికి సరిరావనీ బోధించడం మొదలుపెట్టారు.

"ఎన్నెకరాలు తడుపుద్దండి?" అన్నాడు పాలవాడు.

"ఒక్క సెంటు కూడా తడపదు. నాలుగు సెకన్లు పరుగెత్తాక మొత్తం విప్పి మళ్ళీ బిగించాలి."

"అయితే మా బావమరిదేనండి," అని పాలవాడు బండి కదిలించాడు.

ఆయన భార్య ఫ్లోరెన్స్ గారి పుట్టిల్లు రేపల్లె. ఒకసారి నేనూ వాళ్ళతో కలిసి ప్యాసింజరులో వెళ్ళాను. బండి వేమూరులో ఆగి, ఎందుకు ఆగిందో తనకే గుర్తురానట్టు నిలబడిపోయింది. జ్ఞానానందం గారికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది?

"ఆ వేగంతో పోతే తెనాలి నుంచి రేపల్లెకి నాలుగు నిమిషాలండి, మాస్టారూ."

"పోతుందా మరి?"

"పోదండి. దాని పరుగు వెయ్యి అడుగులే."

"అంటే వేమూరుక్కూడా రాదు."

"రాదండి," అని ఆయన కిటికీలోంచి పట్టాల వైపు ప్రేమగా చూశారు. "కానీ ఆ రాకపోవడం కూడా ఎంత దర్జాగా ఉంటుందనుకున్నారు?"

ఆయన సొంత వాహనం ఒక ముసలి మోపెడ్. కాలువ వంతెన ఎక్కేటప్పుడు ఫ్లోరెన్స్ గారు దిగి నడుస్తారు. అవతలి వైపు ఆవిడే ముందు చేరుకుని, పూలవాళ్ళతో బేరం ముగించి ఎదురుచూస్తూ ఉంటారు. అయినా బయలుదేరే ముందు ఆయన వెనక టైరును ఒకసారి గిర్రున తిప్పి వేడెక్కిస్తారు. రేసులో అది విధాయకమట.

రూబీ అనే పిల్ల పెళ్ళిలో పెద్దవారు కదా, రెండు మంచి మాటలు చెప్పమన్నారు. లేచి గొంతు సవరించుకున్నారు. ఆ ఇంజన్ని ప్రతి పరుగు తర్వాతా ఆఖరి బోల్టు దాకా విప్పుతారనీ, కాలిపోయింది పారేసి, మిగిలింది తుడిచి మళ్ళీ బిగిస్తారనీ, దంపతులు కూడా ప్రతి తగువు తర్వాతా అలాగే చెయ్యాలనీ సెలవిచ్చారు. ఇంజను గాలి పీల్చే పద్ధతి దగ్గరికి ఉపన్యాసం చేరేలోగా పాస్టరు గారు ఆమెన్ అనేశారు.

సూర్యలంకకు వెళితే అందరూ సముద్రం చూస్తారు. ఆయన మాత్రం సముద్రానికి వీపు పెట్టి ఇసుక మీద వెయ్యి అడుగులు కొలిచి, ఆ చివర వెళ్ళి నిలబడ్డారు. ఏదో రావలసింది రాలేదన్నట్టు చాలాసేపు అటే చూస్తున్నారు. నాకెందుకో నవ్వు రాలేదు. ఆ ఇంజను మోత ఫోనులో రోజూ వింటూనే ఉన్నారుగా అని అడిగాను.

"ఫోనులో వినడమంటే బిర్యానీ బొమ్మని నాకడమండి. అది చెవితో వినేది కాదు. దగ్గర నిలబడితే పక్కటెముకలు వింటాయంట. చెవులు లేకపోయినా వినపడుతుందంట. ఒక్కసారి, మాస్టారూ, ఒక్కసారి గనక..."

అని ఆగిపోయారు. ఆ ఇంజను గురించి ఆయన మాట మధ్యలో ఆగడం అదే మొదటిసారి.

ఈ ప్రసంగాలను విసుగు లేకుండా వినే మహానుభావుడు వీధి మొత్తానికి ఒక్కడే, డీజిల్ మెకానిక్ ఇమామ్ సాహెబ్. జీవితమంతా పంపు ఇంజన్ల పక్కన కూర్చున్నందుకు ఆయన చెవులు పూర్తిగా పోయాయి. షాపు కూడా మూసేశారు. రోజూ సాయంత్రం జ్ఞానానందం గారు ఆయన అరుగు మీద చేరి, ఫోను చూపించి, చేతులూపుతూ చెబుతారు. సాహెబ్ పెదవులు చూస్తూ తలూపుతారు. జ్ఞానానందం గారికి దేవుడు సరైన శ్రోతనే ఏర్పాటు చేశాడని మేమంతా అనుకునేవాళ్ళం.

ఇంతలో రేపల్లె చర్చిలో కోత పండుగ వచ్చింది. భక్తులు తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు వేలం వేస్తారు. పాడుకున్నవాడు దాన్ని మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తాడు, మళ్ళీ పాట మొదలవుతుంది. ఒకే గుమ్మడికాయ సాయంత్రానికి ఆరుగురి భక్తిని చూస్తుంది. ఆ ఏడు ఒక రైతు పాత ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజను సమర్పించాడు. జ్ఞానానందం గారు పాడుకున్నారు. పాట పాడించే రాజారత్నం గారు ఆనవాయితీ ప్రకారం తిరిగి ఇమ్మని చేయి చాపారు.

"ఇవ్వనండి," అన్నారు జ్ఞానానందం గారు, ఇంజన్ని కావలించుకుని.

చర్చి చరిత్రలో అలాంటి మాట వినలేదట. ఫ్లోరెన్స్ గారు పైట కొంగుతో ముఖం కప్పుకున్నారు.

ఆ ఇంజను ట్రక్కు ఆటోలో ఊరేగుతూ మా వీధికి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, వీధి యావత్తూ పప్పుచారు మీద నిద్రపోతుండగా, సైలెన్సరు లేకుండా మోగింది. కిటికీ అద్దాలు వణికాయి. కోళ్ళు గుడ్లు వాయిదా వేశాయి. ప్రతి ఆదివారం ఇదే వరస. చివరికి వీధి సంఘం సమావేశమై, వారంలోగా ఇంజను వీధి దాటాలనీ, లేకపోతే స్టేషనులో ఫిర్యాదు ఇస్తామనీ తీర్మానించింది. ఆ మాట చెప్పిరావలసిన దౌర్భాగ్యం అధ్యక్షుడినైన నాకు పట్టింది.

వెళ్ళేసరికి జ్ఞానానందం గారి పెరట్లో, రేకుల షెడ్డులో ఇంజను మోగుతోంది. రెండు దూలాల మీద దాన్ని బిగించి, ఆ దూలాలకే అవతలి వైపు ఒక బల్ల కొట్టారు. ఆ బల్ల మీద ఇమామ్ సాహెబ్ వీపు ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆయన గడ్డం వణుకుతోంది. ముఖం మాత్రం నమాజులో ఉన్నట్టుంది.

ఇంజను ఆపారు. సాహెబ్ కళ్ళు తెరిచి, "టాపెట్ వదులైంది. ఎవడో చేతకానివాడు బిగించాడు," అన్నారు. జ్ఞానానందం గారు నేరస్థుడిలా తల వంచుకుని స్పానరు అందించారు. ఇద్దరూ కలిసి విప్పడం మొదలుపెట్టారు.

నేను జ్ఞానానందం గారిని సైలెన్సరు సంగతి అడిగాను.

"ఉందండి. పెడితే భాయ్‌కి వినపడదు."

టీ తెచ్చిన సాహెబ్ కోడలు అబీదా మిగతాది చెప్పింది. "షాపు మూశాక మామయ్య గారు నోరు విప్పలేదండి. అన్నం కూడా సరిగా తినేవారు కాదు. ఈయనొచ్చి ఫోన్లో ఆ బండి చూపించి, ఈ చప్పుడుకి చెవులక్కర్లేదంట భాయ్, మనిద్దరం ఎప్పటికైనా వెళ్దాం అన్నారు. ఆ రాత్రే మామయ్య గారు అన్నం అడిగారు. రోజూ కొత్త సంగతి చెప్పాలిగా, అందుకని ఈయన కూర్చుని నేర్చుకున్నారు."

సాహెబ్ నన్ను దగ్గరికి పిలిచి, చెవి దగ్గర రహస్యం చెప్పారు. వినపడని మనిషి రహస్యం కాబట్టి కొబ్బరిచెట్టు మీద కాకులు కూడా లేచిపోయాయి.

"మాస్టారూ, ఆ టాపెట్ ప్రతి వారం ఆయనే వదులు చేస్తాడు. నాకు తెలియదనుకుంటాడు. చెప్పకండి, చిన్నబుచ్చుకుంటాడు."

రెండడుగుల దూరంలో జ్ఞానానందం గారు ఏమీ వినపడనట్టు స్పానరు తుడుచుకుంటున్నారు. ఆ క్షణంలో వీధిలోకెల్లా చెవిటివారు ఆయనే. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నేను వచ్చిన పని చెప్పలేదు. టాపెట్ బిగించాక సాహెబ్ మళ్ళీ బల్ల మీద కూర్చుని, జరిగి నాకు చోటిచ్చారు. జ్ఞానానందం గారు హ్యాండిల్ తిప్పారు. వీధి తీర్మానం నా పక్కటెముకల్లో కాసేపు గిలగిల కొట్టుకుని ప్రాణం విడిచింది. ఆ హోరులో జ్ఞానానందం గారు నా వైపు వంగి ఏదో అన్నారు. ఒక్క ముక్క వినపడలేదు. పెదవులు చూసిన సాహెబ్ పెద్దగా నవ్వి, నాకు అందజేశారు.

"ఇది ఐదేనంట, మాస్టారూ. పదకొండు వేలైతే ఎలా ఉంటుందో చూసుకోమంటున్నాడు."