చింతపండుతో తోమిన పిస్తోలు

బుల్లియ్యగారికి ఈ భూమ్మీద దేని పూతా అసలుదని నమ్మకం లేదు. రాజమండ్రిలో నలభై ఏళ్లు తుపాకులు బాగుచేసి, ఇప్పుడు పాత మిలిటరీ పిస్తోళ్ల పూత అసలుదా, తర్వాత వేయించిందా అని తేల్చి చెబుతుంటారు. తేల్చడమంటే తిట్టడమే.

"ఇది మిలిటరీ పూతాండీ? బీరువా రంగండి ఇది" అని ఒకాయన తెచ్చిన పిస్తోలుని బల్ల మీద పడేశారు. పాపం ఆయన మూడు బస్సులు మారి వచ్చాడు. ఈయన మంచినీళ్లయినా ఇవ్వలేదు.

బుద్ధి తక్కువై నా కొత్త స్కూటర్ని షోరూము నుంచి తిన్నగా ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. గోటితో గీకి, "రెండోసారి వేశారండి మేష్టారూ" అన్నారు. ఆ గీత ఇప్పటికీ ఉంది. వరదకి గోదావరి ఎర్రబడితే గట్టు మీద నిలబడి, "పైపై రంగేనండి, నాలుగు రోజులుండదు" అన్నారు. అందులో మాత్రం ఆయన మాటే నెగ్గింది.

"పిడి చెక్కలు విప్పి లోపల చూడాలండి. అక్కడి రంగూ పై రంగూ ఒకటైతే అసలుది. చెక్కిన అక్షరాల అంచులు అరిగాయంటే ఎవడో పాలిష్ పట్టి మళ్లీ పూశాడన్నమాట" అని నాకు వందసార్లు చెప్పారు. వందసార్లూ నా బుర్రకెక్కదని కూడా చెప్పారు.

మూడేళ్ల కిందట, దసరా వెళ్లిన మర్నాడు పెద్దాపురం నుంచి సత్యప్రసాద్‌గారు కోడలు హారతిని వెంటబెట్టుకుని వచ్చారు. చేతిలో వాళ్ల నాన్నగారు బర్మా యుద్ధం నుంచి తెచ్చిన పిస్తోలు. పేలకుండా చేయించి, కాగితాలతో సహా దాచుకున్నది. ఆయుధపూజకి తళతళలాడాలని హారతి దాన్ని చింతపండు పెట్టి తోమింది. నల్లగా ఉండాల్సింది కొత్త గరిటెలా మెరుస్తోంది.

"పోయింది అసలు పూతేనని మీరంటే, ఈ అమ్మాయిని ఇటునుంచిటే పుట్టింట్లో దింపేస్తానండి. కార్లో పెట్టె కూడా పెట్టించాను" అన్నారాయన. హారతి గోడకి ఆనుకుని నిలబడింది. తలెత్తలేదు.

బుల్లియ్యగారు చెక్కలు విప్పారు. లైటు నేను పట్టుకున్నాను. చింతపండు తగలని చోట నీలినలుపు పూత నిగనిగలాడుతోంది. అక్షరాల సందుల్లోనూ అదే రంగు. అంచులు చెయ్యి కోసుకునేంత పదును. నాబోటి మట్టిబుర్రకే తెలిసిపోయింది. నాకు భయం వేసింది. పూత విషయంలో ఈయన కన్నతల్లికైనా అబద్ధం చెప్పరు.

"ఛీ" అన్నారు బుల్లియ్యగారు. "ఊళ్లో ఎవడో పూసిన మసేనండి ఇది. దీనికా ఇన్నేళ్లూ దండలేశారు మీరు? ఆ దరిద్రం వదిలించిందండి మీ కోడలు. వెళ్లి ఆవిడకో కాఫీ ఇప్పించండి."

సత్యప్రసాద్‌గారి మొహం మాడిపోయింది. వెళ్లేటప్పుడు కారు తలుపు మాత్రం కోడలికి ఆయనే తీశారు.

"అంచులు పదునుగానే ఉన్నాయి కదండీ" అన్నాను నేను.

"పూతదేముందండీ, మళ్లీ వేయించుకోవచ్చు. ఆ పిల్ల రోజూ ఆ ఇంట్లోనే తిరగాలండి" అని, అంతలోనే మామూలు మనిషైపోయి నా మొహంలోకి లైటు వేశారు. "ఈ మాట బయటికొచ్చిందో, మీ మీసం రంగు అసలుది కాదని వీధంతా చెప్తాను."

మూడేళ్లు నోరు మూసుకున్నాను. సత్యప్రసాద్‌గారు ఎలాగూ పుస్తకాలు చదవరు. పోయిన నెల మీసానికి రంగు మానేశాను. అందుకే రాస్తున్నాను.