మల్లవ్వ ఆవు తిన్న ప్రసాదం

ప్రసాదం పంచే ముందు నేను కళ్లు మూసుకుంటాను. మా సత్సంగం వాళ్లు అది భక్తి అనుకుంటారు. కాదు. పన్నెండేళ్లుగా ఆ గిన్నెలోకి చూడలేకపోతున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. దేవుడికైనా చెప్పుకున్నానా? ఆయనకు తెలుసు కదా అని తప్పించుకున్నాను. మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మావారి ఉద్యోగం వల్ల తొంభైలలో గోదావరి వైపు నుంచి మేడ్చల్ వచ్చాం. కాలనీ చివర రేకుల షెడ్డులో ప్రతి పౌర్ణమికీ సత్సంగం జరిగేది. చిన్నప్పుడు తాతగారి దగ్గర శ్లోకాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి మైకు నాకే ఇచ్చేవారు. ఆవులో సకల దేవతలూ ఉంటారని, మిగిలిన ప్రసాదం కాళ్ల కింద పడకుండా ఆవుకు పెడితే దేవతలందరికీ పెట్టినట్టేనని చెప్పింది నేనే. అందరూ గుప్పెడో రెండు గుప్పెళ్లో పెట్టేవారు.

ఒక పౌర్ణమి నాడు పెద్ద వాన. వందమందికి వండితే ఇరవైమంది కూడా రాలేదు. రెండు బకెట్ల చక్కెర పొంగలి మిగిలిపోయింది. షెడ్డు వెనకే మల్లవ్వ కొట్టం. కాలనీకి పాలు పోసి బతికే మనిషి, ఉన్నది ఒక్క ఆవు. ఆ సాయంత్రం ఆమె షామీర్‌పేటలో కూతురింటికి వెళ్లింది. రెండు బకెట్లూ నేనే మోసుకెళ్లి ఆవు ముందు పెట్టాను. ఆత్రంగా తింది. అడుగు కూడా నాకింది. దేవతలందరూ తింటున్నారనుకుని నా కళ్లు చెమర్చాయి.

మర్నాడు పాలకు వెళ్లేసరికి ఆవు పడుకుని ఉంది. కడుపు ఉబ్బింది. నోటి నుంచి నురగ. పశువుల డాక్టరు పక్కన కూర్చుని చెయ్యి వేసి చూస్తున్నాడు.

"అవ్వా, అన్నం గిట్ల ఏమన్న పెట్టినవా?"

"నాకే రెండు పూటలు బువ్వ లేదు సారూ, దానికి విందు పెడ్తనా?" అంది మల్లవ్వ.

"నవ్వులాట కాదవ్వా. గీ కడుపుల కంటికి కనిపించని పురుగులు కోట్లుంటయి. గడ్డిని అరిగించేది అవే. ఒకటి విడిచింది ఇంకోటి తింటది, అట్ల కలిసి బతుకుతయి. ఒక్కపారే అన్నం పడ్డదనుకో, పులుపు చేసేటివి మస్తుగ పెరుగుతయి. ఆ పులుపుకు తక్కినవి సస్తయి. ఎనక ఆవు పోతది. అన్నమైతే వంటసోడా కలిపిన నీళ్లు తాపాలె, కడుపు కడగాలె. మందు కొట్టిన గడ్డి తిన్నదైతే సూది వేరే. ఏదో ఒకటి జల్దీ చెప్పున్రి."

మల్లవ్వ నా వైపు తిరిగింది. "అమ్మా, నిన్న నేను ఊళ్లె లేను. ఇటు ఎవలన్న వచ్చిన్రా? ఏమన్న పెట్టిన్రా?"

"లేదు మల్లవ్వా. నేను చూడలేదు," అన్నాను.

ఎందుకన్నాను? అందరి ముందు మైకులో చెప్పిన మాట తప్పని తేలుతుందనా? ఎంతసేపు ఆలోచించానని, ఒక్క ఊపిరి కూడా పట్టలేదు. పక్క మడిలో మల్లవ్వ మరిది మైసయ్య ముందురోజే వంకాయ తోటకు మందు కొట్టాడు. ఆ గడ్డే తిన్నదనుకుని డాక్టరు విషానికి సూది వేశాడు. మధ్యాహ్నానికి ఆవు చచ్చిపోయింది.

"నా కడుపు కొట్టినవ్ గదరా!" అని మైసయ్య మీద మల్లవ్వ దుమ్మెత్తి పోసింది. అతను అరచేతిలో కర్పూరం వెలిగించి ఒట్టు వేశాడు. ఆమె నమ్మలేదు. ఊరూ నమ్మలేదు. నేను అక్కడే నిలబడి చూశాను. తర్వాత ఆమె కాలనీ ఇళ్లలో అంట్లు తోమింది, మా ఇంట్లో కూడా. ఐదేళ్లకు పోయింది. మైసయ్యను ఊరివాళ్లు పాడె ముట్టనివ్వలేదు. ఆ రోజు ఆమె ఆత్మశాంతికి శ్లోకాలు చదివింది నేనే.

డాక్టరూ నేనూ ఒకే కడుపు గురించి మాట్లాడాం. అందులో ఉన్నవాళ్లకు ఏం కావాలో ఆయనకు తెలుసు. నేను అడగనైనా లేదు, పెట్టేశాను. తినిపించడం తెలియక చేసింది. అది పాపమో కాదో పెద్దలు తేల్చాలి. లేదు అనడం మాత్రం తెలిసే చేశాను. దానికి ఏ పెద్దల్నీ అడగనక్కర్లేదు.

మైసయ్య ఇప్పుడు బౌరంపేటలో ఒక గేటు దగ్గర వాచ్‌మన్. చెబుదామని రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ తన కుర్చీ నాకే వేసి, "ఎండల వచ్చినవ్, కూసో అమ్మా" అన్నాడు. కూర్చున్నాను. నీళ్లు తాగాను. తిరిగి వచ్చేశాను.

చెప్పవలసింది అతనికి. మీకు చెప్పినంత మాత్రాన అతని మీద మచ్చ పోదు. అయినా ఒక్కసారి రాసి చూసుకోవాలనిపించింది. రెండు బకెట్లు. నేనే పెట్టాను.