అబ్బులుగారి అసలు పేరు

ఒక మండలాధ్యక్షుణ్ణి ఓడించాలంటే ఎదటి పక్షంవాళ్ళు జెండాలు కడతారు, ఊరేగింపులు తీస్తారు, కరపత్రాలు పంచుతారు. నేను అవేవీ చెయ్యలేదు. ఆయన పెట్టిన అన్నం నాలుగు రోజులు తిని, ఆయన వ్యాన్‌లోనే వెళ్ళి, ఆయన్ని గెలిపించాలన్న పరమ పవిత్రమైన ఉద్దేశంతో ఒకే ఒక్క చెయ్యెత్తి ఆయన్ని ఇంటికి పంపించాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మండలం మొత్తమ్మీద నవ్వనివాళ్ళం ఇద్దరమే, నేనూ ఆయనా.

సెల్‌ఫోన్లు మా లంక ఊళ్ళ దాకా రాని రోజులవి. నాకు ఇరవయ్యారేళ్ళు. డిగ్రీ పాసయ్యాను, ఉద్యోగం రాలేదు, రాలేదని ఒప్పుకోవడానికి మనసొప్పక ప్రజాసేవ చేస్తున్నానని చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎంపీటీసీ ఎన్నికల్లో స్వతంత్రంగా పోటీ చేశాను. ఊరు నన్ను గెలిపించింది. నా మీద ప్రేమతో కాదు, వంతెన కోసం. మా ఊరికీ రోడ్డుకీ మధ్య కాలవ ఉంది. దాని మీద రెండు తాటిదుంగలు వేసి ఉండేవి, పసిపిల్లలూ పాలబిందెలూ చూలింతలూ అందరూ వాటి మీద నడవాల్సిందే. ప్రచారానికని వెళుతూ నేనూ వాటి మీంచి జారి కాలవలో పడ్డాను. ఆ సానుభూతి ఓట్లతోనే గెలిచానని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

నిజానికి వంతెనకి శంకుస్థాపన అయిదేళ్ళ కిందటే జరిగిపోయింది. చేసింది అప్పటికీ, నా కథ నాటికీ మండల పరిషత్ అధ్యక్షుడుగా ఉన్న అబ్బులుగారు. గట్టు మీద నల్లరాతి ఫలకం నిలబెట్టి, కొబ్బరికాయ కొట్టి, దండ వేయించుకుని వెళ్ళారు. వంతెన రాలేదు గానీ ఫలకం మిగిలింది. రాయి నున్నగా ఉంది, ఎండ బాగా తగిలే చోటు. మా వీధిలో ఉండే మంగత్త దాని మీద పిడకలు కొట్టడం మొదలుపెట్టింది. అయిదేళ్ళలో ప్రభుత్వం మా ఊరికి చేసినవాటిలో వాడకంలోకి వచ్చింది ఆ రాయి ఒక్కటే.

మండలాధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోరు. గెలిచిన ఎంపీటీసీ సభ్యులందరూ ఒక హాల్లో కూర్చుని, చేతులెత్తి ఎన్నుకోవాలి. పోటీదారులిద్దరితో కలిపి మేం పదిహేనుమందిమి. ఏడుగురు అబ్బులుగారి వైపు తేలారు. మరో ఏడుగురు చంటిబాబుగారి వైపు తేలారు. ఈ చంటిబాబుగారు అబ్బులుగారి బాబాయి కొడుకే. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్యలో ఒక గోడ, ఆ గోడ ఎవరిదన్న దాని మీద ఇరవయ్యేళ్ళ వైరం. పదిహేనోవాణ్ణి నేను.

అబ్బులుగారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. పంచె ఎగదోపుకుని, ఇద్దరు మనుషుల భుజాలు పట్టుకుని, ఆ తాటిదుంగలు దాటి వచ్చారు. దాటేటప్పుడు ఆయన ముఖంలో భయం చూసి, వంతెన విలువ ఈయనకి తెలిసిందని నేను సంతోషించాను.

"ఈసారి కుర్చీలో కూర్చోగానే మొదటి సంతకం మీ వంతెన మీదేనండి, బుల్లబ్బాయిగారూ," అన్నారాయన.

బుల్లబ్బాయి నేనే. అప్పటిదాకా నన్ను 'ఒరే' అని పిలవని పెద్దమనిషి మా ఊళ్ళో లేడు. మండలాధ్యక్షుడు మా అరుగు మీద కూర్చుని, మా అమ్మ వింటుండగా, 'గారూ' అనేసరికి నేను కరిగిపోయాను. వంతెన సంగతి తర్వాత, ఆ రెండక్షరాలకే నా చెయ్యి ఆయనకి రాసిచ్చేశాను.

ఎదటివాళ్ళు ఎత్తుకుపోకుండా అబ్బులుగారితో సహా మా ఎనిమిదిమందినీ రాజమండ్రిలో ఒక లాడ్జిలో దాచారు. పొద్దున్న పెసరట్టు, మధ్యాహ్నం విస్తరి నిండా భోజనం, ఆ పైన ఆత్రేయపురం పూతరేకులు, సాయంత్రం ధవళేశ్వరం బ్యారేజీ మీద గాలి. ప్రజాసేవ ఇంత కష్టమైందని నాకు అంతకుముందు తెలియదు. మా కాపలాకి అబ్బులుగారి బావమరిది పండుగారు ఉన్నారు. మిగిలిన సభ్యులు తాతబ్బాయిగారు, దొరబాబుగారు, చినబాబుగారు వగైరా. నాలుగు రోజులు ఒకే గదుల్లో పడుకున్నా అంతకుమించి ఒకరి పేరు ఒకరికి తెలియదు. మా వైపు అదే మర్యాద. అసలు పేరు బడి రిజిస్టర్లోనూ పెళ్ళి శుభలేఖలోనూ ఉంటుంది, మనిషి ఇంకో పేరుతో తిరుగుతూ ఉంటాడు.

చివరి రోజు పండుగారు మాకు పాఠం చెప్పారు. మన పేరు చదవగానే చెయ్యెత్తాలట. ఎత్తిన చెయ్యి ఆఫీసరుగారు దించమన్నదాకా దించకూడదట. పక్కనుంచి ఎవరు ఏమన్నా, బెదిరించినా, గోకినా, దించకూడదట. మూడుసార్లు రిహార్సల్ వేయించారు. ఆయన 'అబ్బులుగారు' అనగానే ఎనిమిది చేతులు లేచాయి. అందరికంటే ఎత్తుగా లేచింది నాదేనని మెచ్చుకున్నారు కూడా.

మర్నాడు మండల పరిషత్ హాల్లో నేను మొదటి వరసలో మధ్య కుర్చీలో కూర్చున్నాను. చదువుకున్నవాడు వెనక కూర్చుంటాడా మరి. అబ్బులుగారేమో వాస్తు ప్రకారం నైరుతి మూల కూర్చుంటే పదవి నిలుస్తుందని ఎవరో చెప్పారని చివరి వరసలో మూలకి వెళ్ళి కూర్చున్నారు. మా వాళ్ళందరూ ఆయన చుట్టూ చేరారు, ఎదటివాళ్ళు కూడా వెనక వరసల్లోనే సర్దుకున్నారు. నా వెనక ఏం జరిగేదీ నాకు కనపడదన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు.

ఎన్నిక జరిపించడానికి వేరే ఊరినుంచి వచ్చిన ఆఫీసరుగారు కళ్ళజోడు సర్దుకుని కాగితం చదివారు.

"పోటీలో ఇద్దరున్నారండి. ఒకరు శ్రీ వీర వెంకట సత్యనారాయణ మూర్తిగారు. రెండోవారు శ్రీ వెంకట వీర సత్యనారాయణ మూర్తిగారు."

ఇంటిపేరు ఎలాగూ ఒకటే. తర్వాత తెలిసిందేంటంటే, ఇద్దరికీ పెట్టింది ఒకే తాతగారి పేరు. ఆ ఇంటి మామ్మగారు భర్త పేరు నోటితో పలకకూడదు గనక ఒక మనవణ్ణి అబ్బులనీ, ఇంకొకణ్ణి చంటిబాబనీ పిలుచుకుంది. ఆవిడ పాతివ్రత్యం మండలం మొత్తానికీ అలవాటైపోయింది. కాగితం మీద మాత్రం వీరుడు ముందున్నది ఎవరో, వెంకన్న ముందున్నది ఎవరో నాకు తెలిసే దారి లేదు. ప్రతిపాదించినవాళ్ళ పేర్లు కూడా చదివారు, వాళ్ళవీ అసలు పేర్లే. అందులో మా దొరబాబుగారు ఉన్నారో లేదో దేవుడికే తెలియాలి.

లేచి అడగవచ్చు కదా అని మీరంటారు. నాలుగు రోజులు ఆయన పూతరేకులు తిన్నవాణ్ణి, అందరి ముందూ లేచి 'అబ్బులుగారూ, తమరి పేరేంటండి' అని ఎలా అడగను? అందుకని బుర్ర వాడాను. నా జీవితంలో బుర్ర వాడిన ప్రతిసారీ ఏదో ఒకటి కూలింది. పదవిలో ఉన్న అధ్యక్షుడు కాబట్టి గౌరవంగా ఆయన పేరే మొదట చదువుతారని తేల్చుకున్నాను.

"శ్రీ వీర వెంకట సత్యనారాయణ మూర్తిగారిని సమర్థించేవారు చేతులెత్తండి."

ఎత్తాను. భుజం పట్టు తప్పేంత ఎత్తాను. వెనకనుంచి ఎవరో నా కుర్చీని తన్నారు, ప్రోత్సాహం అనుకున్నాను. ఎవరో "దించవయ్యా" అని గొణిగారు. ఎదటివాళ్ళ కుట్ర అనుకుని ఇంకో అంగుళం లేపాను. పండుగారి పాఠం నాకు బాగా వంటబట్టింది. ఆఫీసరుగారు పెన్ను చూపిస్తూ లెక్కపెట్టి, ఎనిమిది అన్నారు. అప్పుడు దించమన్నారు, దించాను.

రెండో పేరు చదవగానే, ఓడిపోయేవాళ్ళ ముఖాలు చూద్దామని తీరిగ్గా వెనక్కి తిరిగాను. నైరుతి మూలనుంచి అబ్బులుగారి చెయ్యి లేస్తోంది. దాని చుట్టూ తాతబ్బాయిగారి చెయ్యి, దొరబాబుగారి చెయ్యి, నాలుగు రోజులుగా నాకు పూతరేకులు అందించిన చేతులన్నీ లేస్తున్నాయి. ఏడు జతల కళ్ళు నన్నే చూస్తున్నాయి. నా చెయ్యి దానంతటదే మళ్ళీ లేచింది.

"మీరు ఇందాక ఎత్తేశారు కదండి," అన్నారు ఆఫీసరుగారు.

"అది పొరపాటండి."

"మేం చేతులే లెక్కపెడతామండి, పొరపాట్లు లెక్కపెట్టం," అని ఆయన ఏడు అని రాసుకున్నారు.

పేర్లు ఏ వరసలో చదివారని తర్వాత అడిగితే, అక్షరక్రమంలో అని చెప్పారు. వీ ముందు, వె తర్వాత. ఒకటో తరగతి గుణింతం. డిగ్రీ చదివినవాడికి అది గుర్తుండదు లెండి.

హాలు బయట అబ్బులుగారు నన్ను పక్కకి పిలిచారు. తిడతారనుకున్నాను. ఆయన చాలా నెమ్మదిగా, "మా చంటిబాబు ఏం ఆశ పెట్టాడండి?" అని అడిగారు.

"ఏమీ పెట్టలేదండి. మీ పేరు నాకు తెలియదండి."

"మీ కాలవ గట్టు మీద రాయి ఉంది కదండి. అందులో మొదటి పేరు నాదేనండి."

"దాని మీద పిడకలున్నాయండి," అన్నాను.

ఆయన జేబురుమాలుతో ముఖం తుడుచుకుని కారెక్కారు. ఆ ముఖం గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. పైగా నిజం చెప్పినా ఎవరూ నమ్మలేదు. మండలంలో నన్ను మహా లోతైన మనిషని అన్నారు. ఎంత లోతో నాకొక్కడికే తెలుసు.

ఎనిమిదో చెయ్యి ఎందుకు లేచిందో తెలియని చంటిబాబుగారు మాత్రం కృతజ్ఞత చూపించారు. నెల తిరక్కుండా మా ఊరు వచ్చి, పాత రాయి పక్కనే కొత్త రాయి వేసి, కొబ్బరికాయ కొట్టి, దండ వేయించుకుని వెళ్ళారు. కొత్త ఫలకం మీద నా పేరు కూడా చెక్కించారు. ఏడాదిన్నర గడిచింది. వంతెన రాలేదు.

ఒక రోజు మంగత్త కొత్త రాయి ముందు పేడతట్ట దించి, వయోజన విద్య తరగతుల్లో నేర్చుకున్న చదువుతో పేర్లు కూడబలుక్కుంటూ నన్ను పిలిచింది.

"ఒరే బుల్లబ్బాయ్, ఈ నాగ వెంకట సీతారామాంజనేయులు ఎవడ్రా? ఎన్నడూ విన్న పేరు కాదు. వీడెవడో మధ్యలో దూరి మన వంతెన మింగేసినట్టున్నాడు. నువ్వు సభ్యుడివి కదా, వాణ్ణి నిలదియ్యరా."

"నిలదీస్తానత్తా. ఎవడో దొంగవెధవలా ఉన్నాడు," అన్నాను. "ముందు వాడి పేరు మీద నాలుగు పిడకలు దట్టంగా కొట్టు."

కొట్టింది. నేను తట్ట అందించాను.

కనుక పాఠకులారా, పంచభూతాల సాక్షిగా ఒక ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మనిషికైనా సరే, ఇంటిపేరు, తండ్రిపేరు, బడి రిజిస్టర్లో పేరు, మామ్మ పిలిచే పేరు రాతపూర్వకంగా తీసుకున్నాకే మద్దతిస్తాను. ప్రమాణం చేసేటప్పుడు కుడిచెయ్యి ఎత్తాలంటారు. క్షమించాలి, అది మాత్రం ఎత్తను.