బ్రిస్కెట్ ఆమెది

మేం దేశం దాటి వచ్చి స్థిరపడ్డ టూంగాబీలో మా పెరట్లో ఒక ఇనుప స్మోకర్ ఉంది. అడ్డంగా పడుకోబెట్టిన పీపాలా ఉంటుంది. దాని పక్కన, కాస్త కిందగా, కట్టెలు మండే పెట్టె. వేడీ పొగా పెట్టెలోంచి పీపాలోకి వచ్చి, మాంసం మీదుగా సాగి, అవతలి కొసన ఉన్న గొట్టంలోంచి బయటికి పోతాయి. అది నా భార్యది. మొన్నటి చలికాలంలో ఆమె చనిపోయింది.

ఆమె వారమంతా ఒక ఆఫీసులో లెక్కలు చూసేది. ఆదివారం తెల్లారేసరికి పెరట్లో ఉండేది. గొడ్డు రొమ్ము మాంసాన్ని ఇక్కడ బ్రిస్కెట్ అంటారు. గట్టి మాంసం. రోజంతా సన్నటి వేడి మీద ఉంటే తప్ప మెత్తబడదు. మొదటి ఏడాది ఆమె చేసినవి చాలావరకు చెత్త బిన్‌లోకే వెళ్ళాయి. తర్వాత పట్టు దొరికింది. ఐరన్‌బార్క్ అనే ఇక్కడి గట్టి చెట్టు కట్టెలు తానే చీల్చుకునేది. ఒక కట్టె బాగా అంటుకున్నాకే ఇంకోటి పెట్టేది. నేను ఊరికే మూత ఎత్తి చూస్తుంటే కసిరేది.

"ఏవండీ, మీరు చూస్తే ఉడకదు. లోపలికెళ్ళి ఉల్లిపాయలు కొయ్యండి."

సాయంత్రం అతిథులు వచ్చే వేళకు ఆమె లోపలికి వెళ్ళి, పొగ వాసన పట్టిన బట్టలు మార్చుకుని, ఆడవాళ్ళతో కూర్చునేది. మా వాళ్ళలో ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు బయట. కాబట్టి మగవాళ్ళకు ఎప్పుడూ కనబడింది స్మోకర్ పక్కన కత్తి పట్టుకుని ముక్కలు కోస్తున్న నేనే. ఇది ఆమె చేసింది, నేను కోస్తున్నానంతే అని ప్రతిసారీ చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.

మాలో అందరికంటే పెద్దాయన, హైదరాబాదాయన, నవ్వేవాడు. "అరే ఊకో భాయ్. భాభీ మంట కాడ నిలవడ్తదా? నువ్వు మరీ షరమ్ పడ్తున్నవ్."

ఆ మాట ఆమెకు చెబితే, "తింటున్నారుగా, చాలు," అనేది. నిజంగానే చాలనుకుందో లేదో నాకు తెలియదు. ఇప్పుడు అడగడానికి లేదు.

ఆమె పోయిన నలభయ్యో రోజు చేసే ఫాతిహా ప్రార్థనకు బిర్యానీ మేం చూసుకుంటాం, నువ్వేం పెట్టుకోకు అన్నారు స్నేహితులు. బ్రిస్కెట్ నేను చేస్తానన్నాను. అందరూ తింటున్నప్పుడు ఒక్క మాట చెప్పాలనుకున్నాను: ఇన్నేళ్ళూ మీరు తిన్నది ఆమె చేతిది, నేను ఆమె దగ్గర చూసి నేర్చుకున్నాను అని. చనిపోయినవాళ్ళ గురించి జనం చెప్పే మాటలు ఆ నలభై రోజుల్లో చాలా విన్నాను. మంచి మనిషి, ఓపికస్తురాలు, జన్నత్‌కు వెళ్తుంది. అవి ఎవరి గురించైనా చెప్పొచ్చు. ఇది ఆమె గురించి మాత్రమే చెప్పగలిగిన మాట.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. ఎన్ని కట్టెలు పెట్టినా వేడి నిలవలేదు. గుంటూరులో మా ఇంట్లో దమ్ పెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఆవిరి పోకుండా గిన్నె అంచుకు పిండి మెత్తి, మూత మీద నిప్పులు పోస్తారు. నాకు తెలిసిన వంట అంతా అదే. గోధుమ పిండి కలిపి మూత సందుల్లో మెత్తాను. గొట్టం మూత దాదాపు మూసేశాను. వేడి లోపలే ఉంటుందనుకున్నాను. పొగ కూడా లోపలే ఉండిపోయింది. గాలి అందక కట్టెలు మండడం మానేసి ఊరికే పొగలు కక్కాయి. ఆమె చేసేటప్పుడు గొట్టంలోంచి పొగ వస్తోందో లేదో అన్నట్టుండేది. గొట్టం ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది. అది నేను ఏళ్ళ తరబడి చూశాను. ఎందుకో ఒక్కసారీ అడగలేదు.

మూత తీసేసరికి మాంసం తారు పూసినట్టుంది. కోసి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. మసి చేదు. నాలుక మొద్దుబారింది. అప్పటికే జనం వచ్చేశారు.

ఇంకా చిన్నపిల్ల కావడంతో నా పక్కనే కూర్చున్న మా అమ్మాయి ఒక ముక్క నమిలి ఆగిపోయింది. "డాడీ, ఇట్స్ బిటర్. లైక్, రియల్లీ బిటర్. మమ్ వుడ్ హావ్ బిన్డ్ ఇట్." లేచి వెళ్ళి ప్లేట్‌లోది బిన్‌లో వేసింది.

నాకు కోపం రాలేదు. పైగా ఇదే నయమనిపించింది. ఇక చెప్పక్కర్లేదు, తింటే వాళ్ళకే తెలుస్తుంది.

పెద్దాయన రెండు ముక్కలు తిన్నాడు. మూడోది చేతిలోకి తీసుకుని, "సేమ్ టు సేమ్ భాయ్," అన్నాడు. "గింత దుఃఖంల కూడా నీ చేతి రుచి పోలే."

"ఇది చేదుగా ఉంది భాయ్‌సాబ్," అన్నాను. "ఎప్పట్లా లేదు. ఇంతకుముందు తిన్నవన్నీ ఆమె చేసినవి. ఇవాళే నేను చేశాను. అందుకే ఇలా ఉంది."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకు ఎరుకే భాయ్. మనిషి పోతే గట్లనే అనిపిస్తది. అన్నీ ఆమెనే చేసినట్టుంటది."

మిగతావాళ్ళు తలలూపారు. ఒకతను ఇంకో ముక్క వేసుకున్నాడు, నా మనసు కష్టపెట్టకూడదని. ఇంకొకతను, "ఈద్‌కి మాత్రం ఇది చెయ్యడం మానొద్దన్నా, మా ఆఫీసు వాళ్ళని కూడా తీసుకొస్తా," అన్నాడు. మళ్ళీ చెప్పడానికి నోరు తెరిచాను. వాళ్ళ ముఖాల్లో జాలి తప్ప ఏమీ లేదు. జాలిపడేవాడికి ఏ సంగతీ చెప్పలేం.

వెళ్ళేముందు పెద్దాయన అందర్నీ నిలబెట్టి దువా చేశాడు. ఆమె పాపాలు క్షమించమని దేవుణ్ణి అడిగాడు. ఇంత రుచిగా వండే నా చేతులకు బర్కత్, దేవుడి దీవెన, ఇవ్వమని అడిగాడు. అందరూ ఆమీన్ అన్నారు. నేను అనలేదు.