నాగమ్మత్త కాలు, వాన గడియారం

"ఆ మర ముట్టుకోవద్దు" అన్నాను.

"హాల్లోకి రాగానే ముల్లు తుఫాను మీద నిలబడుండాది, చూసినవాళ్ళు ఏమనుకుంటారత్తా? కొంచెం ఇట్లా తిప్పితే మంచి ఎండ మీదికి వస్తాది, అంతే కదా" అంది నా కోడలు సుజాత. గోడకు తగిలించిన గుండ్రటి ఇత్తడి వాన గడియారాన్ని కిందికి దించి, ఒళ్ళో బోర్లించుకుని, వెనకవైపు మరకు స్క్రూడ్రైవరు ఆనించి కూర్చుంది.

"తిప్పితే అది చెప్పేదంతా అబద్దమే అయితాది. ఉన్నది ఉన్నట్టు ఉండనీ."

"ఇప్పుడు మాత్రం నిజం చెప్తాందా? ఉగాది నుంచీ ఎండలు మండిపోతాంటే, అది తుఫాను తుఫాను అంటాంది. వాన చూసేదానికి ఫోనుండాది. ఇది అందానికి తెచ్చింది."

"అందానికయితే దుడ్డు పోసి, కొత్త సామానుకు మసి పూసి పాతదన్న దాన్ని యాల తెస్తివి? మీ అమ్మగారింట్లో నిజంగా పాతవే అటక మీద పడుండాయి కదా."

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతున్న నా కొడుకు మంజు నవ్వాడు. "ఇద్దరూ ఊరికే ఉండండప్పా. వాన సంగతి తెలియాలంటే అమ్మ మోకాలుండాది కదా. పొద్దున్నే లేచి అడిగితే సరి. దానికి మరా వద్దు, బ్యాటరీ వద్దు."

సుజాత నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె మర తిప్పేసరికి ఆ పెట్టెలోంచి నూనె, ఇత్తడి కలిసిన వాసన సన్నగా వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. బెంగళూరు కె.ఆర్.పురంలోని ఈ నాలుగో అంతస్తు ఇంట్లో కూర్చున్నదాన్ని, అది పట్టుకుపోయి దొడ్డబళ్ళాపురంలో మా తాత ఇంట్లో పడేసింది.

ఆ ఇంట్లో మనుషులకంటే మగ్గాలకు ఎక్కువ చోటుండేది. నేలలో గుంతలు తవ్వి దించిన మగ్గాలు, వాటి మధ్య ఒకళ్ళు నడిచేంత దారి, ఆ దారిలోనే మా పడకలు. బియ్యపు గంజి పులిసిన వాసన గోడలకు పట్టి ఉండేది, ఉగాదికి సున్నం కొట్టినా పోయేది కాదు. చలి మొదలైతే అవ్వ అనపకాయలు గుట్టగా పోసి ఒలిపించేది. నానబెట్టిన గింజలను పిల్లలం వేళ్ళ మధ్య నొక్కితే పప్పు ఎగిరి మగ్గం గుంతలో పడేది, ఒక్క పప్పు పోయినా దిగి వెతికి తేవాల్సిందే. తాత నశ్యం పీల్చుకుంటూ అన్నీ చూసేవాడు. తెగిన నూలుపోగు ఎవరైనా పారేస్తే చూపుడువేలి కణుపు మీద కర్రతో కొట్టేవాడు. పారేయకూడదన్న బుద్ధి నాకు అక్కడే వచ్చింది. మూడో తరగతి దాటని చదువు నాకు దీనికంటే ఎక్కువేమీ నేర్పలేదు.

మా వీధిలో పొద్దు పడుగుతో మొదలయ్యేది. ఇంకా మసక ఉండగానే వీధి పొడవునా పడుగు నిలువుపోగులు చాచి, కొయ్యల మీద నిలిపి, గంజి పట్టించి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతూ, పోగు పోగూ విడివడి ఆరేలా చూసుకుని, ఎండ ముదిరేలోగా చుట్టేయాలి. మధ్యలో వాన పడిందా, గంజి కారిపోయి, పోగులు ఒకదానికొకటి అంటుకుని, తల స్నానం చేసి దువ్వని జుట్టులా ముద్దకట్టేవి. విడదీయడం బ్రహ్మతరం కాదు. అందుకే పడుగు వీధిలోకి రాకముందే వాన సంగతి తేలాలి. దాన్ని తేల్చేది మా నాగమ్మత్త కాలు.

నాగమ్మత్త అంటే మా తాత కూతురు, మా నాన్నకు అక్క. పసితనంలో మగ్గం గుంతలో పడి చీలమండ విరిగింది. కట్టు కట్టినవాడు వంకరగా కట్టాడు, ఎముక వంకరగానే అతికింది. కుంటి పిల్లను ఎవరూ చేసుకోలేదు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. మబ్బు ఇంకా ఎక్కడో ఉండగానే ఆమె చీలమండలో సలుపు మొదలయ్యేది. అది ఎప్పుడూ తప్పలేదు.

తాత పొద్దున్నే వచ్చి ఆమె పడక దగ్గర గొంతుక్కూర్చునేవాడు. "ఎట్లుండాది?" అనేవాడు. ఆమె చెప్పినా నమ్మకుండా బొటనవేలితో ఆ అతుకు మీద నొక్కేవాడు. ఆమె కేక వేస్తే పడుగు లేదు, వేయకపోతే ఉంది. అనుమానం వస్తే ఇంకాస్త గట్టిగా నొక్కేవాడు. వీధిలోవాళ్ళు గడప బయట నిలబడి "నాగమ్మ కాలేమంటాందప్పా?" అని అడిగి, జవాబు పట్టుకుని వెళ్ళి తమ తమ పడుగులు తీసేవాళ్ళు. పిల్లలకు అదొక ఆట. ఒకరు పడుకుంటే ఒకరు కాలు నొక్కాలి, "వానో" అని ఎవరు బాగా ఏడిస్తే వాళ్ళు గెలిచినట్టు. అత్త రాట్నం తిప్పుతూ మమ్మల్ని చూసేది.

అంత నొప్పికీ ఆమెకు దక్కింది ఒక లోటా కాఫీ. ఇంట్లో పొద్దున దిగిన మొదటి కాఫీ, మగవాళ్ళకంటే ముందు, పొగలు కక్కుతూ ఆమె చేతికి వచ్చేది. అవ్వ దాన్ని మారు మాట లేకుండా ఇచ్చేది. పెళ్ళి లేని, నడక లేని మనిషికి ఆ ఇంట్లో చోటుందని చెప్పేది ఆ లోటా ఒక్కటే. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అడుగు కనిపించేదాకా మెల్లగా తాగేది.

ఒక దసరాకు ముందు, బెంగళూరు పేటలో మా చీరలు కొనే సావుకారు తాతకు ఒక వస్తువు ఇచ్చి పంపాడు. గుండ్రటి ఇత్తడి చట్రం, చుట్టూ చెక్కిన కొయ్య ఆకులు, అద్దం వెనక ఇంగ్లీషు అక్షరాలు, ఒక ముల్లు. వాన గడియారం అన్నారు. బడి అయ్యవారు వచ్చి చదివి, ఇటు చివర తుఫాను, అటు చివర మంచి ఎండ అని చెప్పాడు. తాత దాన్ని దేవుడి పటాల పక్కన కొట్టించాడు. మరుసటి పొద్దున నాగమ్మత్త పడక దగ్గరికి ఎవరూ రాలేదు. మొదటి కాఫీ తాతకు వెళ్ళింది. ఆమె లేచి కూర్చుని, కాలు చాపి, చాలాసేపు ఎదురుచూసింది.

"లోటా యాడుందమ్మా?" అంది చివరికి.

"గడియారం కాఫీ తాగదులేమ్మే. నీది అందరితో పాటు వస్తాది" అంది అవ్వ.

ఆ ముల్లు మాత్రం వచ్చిన రోజు నుంచీ తుఫాను చివరనే ఉండిపోయింది. అవి సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళ కోసం గీసిన గీతలట, మనది ఎత్తు సీమ కాబట్టి ఇక్కడ గాలి పలచనట, అందుకని మర తిప్పి సరిచేయకపోతే ముల్లు ఎప్పుడూ తుఫానే అంటుందట. ఇది సుజాత మర తిప్పిన తర్వాతెప్పుడో మంజు చెబితే తెలిసింది. తాతకు తెలిసింది వేరు. దేవుడి పక్కన తుఫాను నిలబడితే ఇల్లు నిలబడదు. ఆయుధపూజ నాడు మగ్గాలకూ కుంచెలకూ కత్తెరకూ బొట్లు పెట్టాక, పక్కింటి కంసాలిని పిలిచి, వెనక మర తిప్పించి, ముల్లును మంచి ఎండ మీద నిలిపించాడు. అద్దానికి పసుపు రాసి కుంకుమ పెట్టాడు. అప్పుడు బయట జోరున వాన. చూరు నీళ్ళు గుమ్మంలోకి కొడుతున్నాయి. ఎవరికీ నవ్వు రాలేదు.

కార్తీకంలో పెళ్ళి చీరల పని వచ్చింది. పడుగు తీసే పొద్దున నాగమ్మత్త ఎవరూ అడగకుండానే గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"నాయనా, కాలు సలుపుతాంది. ఈ పొద్దు వద్దు."

తాత ఆమె వైపు కాదు, గడియారం వైపు చూశాడు. "నిన్నెవరడిగిరే? కాఫీ కోసం కాలు నొస్తాందా?"

కుంచెలు పట్టుకున్నవాళ్ళు నవ్వారు. వీధంతా మా ఇంటి మాట మీద పడుగులు చాచింది. గంజి పట్టించడం అయ్యీ కాకముందే, కొండ వైపు నుంచి వచ్చిన వాన ఆ చివరి నుంచి ఈ చివరికి వీధిని తుడిచిపెట్టింది. గంజి తెల్లగా కాలువలో పారింది. మగవాళ్ళు ముద్దకట్టిన నూలు పట్టుకుని తడుస్తూ నిలబడ్డారు. ఎవరి నోటా గడియారం మాట రాలేదు. దానికి కుంకుమ ఉంది, దేవుడి పక్కన చోటుంది. "పనికి పోతాంటే అశుభం పలికె" అని నాగమ్మత్తను చూపిస్తూ ఒకామె అంది. ఆ మాట చాలింది.

హిందూపురం అవతల ఒక పల్లెలో దూరపు బంధువుకు వండి పెట్టే మనిషి కావాలన్నారు. తాత నాగమ్మత్తను అక్కడికి పంపాడు. బండి ఎక్కేటప్పుడు ఆమె చేతిలో చీర మూట, దాని మీద బోర్లించిన ఆ లోటా ఉన్నాయి. అవ్వ వెళ్ళి లోటా తీసుకుని లోపల పెట్టింది. ఇత్తడి కదా. ఆమె పోయిందని కొన్నేళ్ళకు కబురు వచ్చినప్పుడు వీధిలో పడుగు తడిగా ఉంది. అది ఆరి చుట్టడం అయ్యాకే అందరం మైల స్నానాలు చేశాం.

ఇప్పుడా వీధిలో పడుగులు లేవు, కొయ్యలు పాతిన గుంతల మీద తారు పోశారు. ఆ ఇంట్లోంచి మరమగ్గాల మోత వస్తుంది, వాటికి వానతో పని లేదు. గడియారం పాత ఇత్తడి కొనేవాడి గోతంలో పోయింది. ఆఖరు రోజు కూడా దాని ముల్లు మంచి ఎండ మీదే ఉంది.

సుజాత మర తిప్పడం అయింది. ముల్లు ఎండ మీద నిలబడింది. దాన్ని గోడకు తగిలించి, దూరం జరిగి చూసి, "ఇప్పుడు బాగుండాది" అంది. నేను పోయి పడుకున్నాను.

మరుసటి పొద్దున సుజాత నా మంచం దగ్గరికి కాఫీ లోటాతో వచ్చింది. రోజూ నేనే వంటింట్లోకి పోయి తాగేదాన్ని.

"సండిగెలు పెట్టాలత్తా, పిండి ఉడికిపోయింది. ఫోన్లో చూస్తే వాన ఉందీ లేదూ అన్నట్టుండాది. మీ మోకాలు ఎట్లుండాది?"

వడియాల్లాంటి ఆ సండిగెలకు బియ్యం నేను నానబోసినవే. రాత్రి నుంచీ మోకాలు సలుపుతూనే ఉంది. ఆ మాట చెబితే ఇక రోజూ ఈ లోటా నాకు కాదు, నా మోకాలికి వస్తుంది. కాఫీ తాగి, లోటా ఆమె చేతికిచ్చాను.

"నొప్పేమీ లేదు" అన్నాను.

ఆమె పాత చీర పరిచి మిద్దె నిండా సండిగెలు పెట్టి వచ్చింది. పన్నెండు కాకముందే వాన పడింది.